మార్పిడి తర్వాత మెదడు, నరాలు: ఇంటివారు కనిపెట్టవలసిన గుర్తులు



కొన్ని సంవత్సరాలుగా మన ఓపీకి ఒక కొత్త రకం రోగులు వస్తున్నారు. బ్లడ్ క్యాన్సర్‌కో, లింఫోమాకో, మైలోమాకో హైదరాబాదులోనో వెల్లూరులోనో స్టెమ్ సెల్ మార్పిడి చేయించుకొని, నెలల తరబడి అక్కడే గది అద్దెకు తీసుకొని ఉండి, చివరకు సొంత ఊరికి చేరినవారు. ఈ మార్పిడి మన హాస్పిటల్లో చేయరు. కానీ ఊరికి వచ్చాక అర్ధరాత్రి తలనొప్పి వచ్చినా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా ముందు తీసుకొచ్చేది మన క్యాజువాలిటీకే. మార్పిడి చేసిన డాక్టరుగారు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. దగ్గర ఉండేది మీరు, ఆ తర్వాత మేము. అందుకే నర్సింగ్ విభాగం తరఫున ఈ సంచికలో ఈ పాఠం రాస్తున్నాం. మీ ఇంట్లో ఇలాంటి రోగి లేకపోయినా, మీ సంఘంలోనో మీ వీధిలోనో ఒకరు ఉండవచ్చు.

అసలు ఈ మార్పిడి అంటే ఏమిటి?

మన ఎముకల లోపలి మూలుగలో రక్తం తయారవుతుంది. అక్కడ ఉండే తల్లి కణాలనే స్టెమ్ సెల్స్ అంటారు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ వాటినుంచి పుట్టేవే. పొలంలో కలుపు బాగా ముదిరిపోతే రైతు ఏం చేస్తాడు? మొత్తం దున్నేసి మళ్ళీ కొత్త నారు వేస్తాడు. ఇదీ అంతే. చాలా ఎక్కువ మోతాదు కీమో మందులతో, కొందరికి రేడియేషన్‌తో కూడా, మూలుగను ఖాళీ చేసి, ఆ తర్వాత కొత్త తల్లి కణాలను రక్తం ఎక్కించినట్లే ఎక్కిస్తారు. ఆపరేషన్ ఏమీ ఉండదు. చాలామంది ఇంటివారు "ఎక్కడ కోశారు?" అని అడుగుతుంటారు. కోత లేదు.

రోగి సొంత కణాలనే ముందుగా తీసి దాచి తిరిగి ఎక్కించడం ఒక పద్ధతి. మైలోమాలో ఎక్కువగా ఇది చేస్తారు. అన్నో చెల్లెలో లేక వేరే దాతో ఇచ్చిన కణాలను ఎక్కించడం రెండో పద్ధతి. బ్లడ్ క్యాన్సర్‌లో ఎక్కువగా చేసేది ఇది. ఈ వైద్యానికి బాట వేసిన అమెరికా డాక్టరు డానల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ముంబైలోని టాటా మెమోరియల్ హాస్పిటల్లో 1983లో, వెల్లూరు సి.ఎం.సి.లో 1986లో ఈ మార్పిడి మొదలైంది. ఇప్పుడు హైదరాబాదులోనే చాలాచోట్ల చేస్తున్నారు.

మార్పిడి రక్తానికి సంబంధించినది కదా, మెదడుకు ఎందుకు ఇబ్బంది వస్తుంది అని మీరు అడగవచ్చు. మెదడుకు వెళ్ళేది కూడా ఆ రక్తమే. బలమైన మందులు దానిలోనే తిరుగుతాయి. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు మెదడులో రక్తం కారే ప్రమాదం ఉంటుంది. తెల్ల కణాలు లేనప్పుడు మామూలు మనిషిని ఏమీ చేయని క్రిమి కూడా మెదడుదాకా పోగలదు. దాత కణాలు, రోగి శరీరం పోట్లాడుకోకుండా ఇచ్చే మందులు కూడా నరాల మీద కొంత పని చేస్తాయి. అందుకే సొంత కణాలు ఎక్కించినవారికంటే దాత కణాలు ఎక్కించినవారిలో ఈ ఇబ్బందులు ఎక్కువ. అందరికీ రావు. వచ్చినవాటిలో చాలావరకు త్వరగా గుర్తిస్తే తగ్గిపోయేవే. ఆ "త్వరగా" అన్న మాట కోసమే ఈ వ్యాసమంతా.

వార్డులో ఉన్నప్పుడే సంధి పుడితే

మార్పిడి జరిగిన మొదటి నాలుగు వారాల్లో రోగి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం చాలా కుటుంబాలను భయపెడుతుంది. నిన్నటిదాకా చక్కగా ఉన్న మనిషి రాత్రి లేచి "బస్సు వచ్చింది, పోదాం పదండి" అంటాడు. చేతికున్న సెలైన్ గొట్టం లాగేసుకుంటాడు. లేని మనుషులను చూపిస్తాడు. పూర్వం పెద్దలు దీనినే "సంధి పుట్టింది" అనేవారు. ఆ మాట సరైనదే. జ్వరంలో వచ్చినా, మందులవల్ల వచ్చినా, ఉప్పు తగ్గి వచ్చినా, కిడ్నీ, లివర్ సరిగా పనిచేయక వచ్చినా దాని రూపం ఒకటే.

ఇది పిచ్చి కాదు. గాలి సోకడం కాదు, దయ్యం పట్టడం కాదు. ఈ మాట మేము గట్టిగా చెప్పవలసి వస్తోంది. ఎందుకంటే ఇంటివారు సిగ్గుపడి రెండు మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచిన సందర్భాలు మాకు తెలుసు. "రాత్రి కొంచెం ఏదో వాగాడమ్మా, ఇప్పుడు బాగానే ఉన్నాడు" అని పొద్దున రౌండ్స్‌లో చెబుతారు. సంధి లక్షణమే అంత: పగలు తెరిపి ఇస్తుంది, రాత్రి ముదురుతుంది. పగలు బాగున్నాడని వదిలేయకూడదు.

ఇంకో రకం సంధి ఉంది. దానిని గుర్తించడం ఇంకా కష్టం. రోగి గొడవ చేయడు. గోడవైపు తిరిగి పడుకొని ఉంటాడు, పిలిస్తే ఆలస్యంగా పలుకుతాడు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం మరచిపోతాడు. "పాపం, నీరసంగా ఉన్నాడు, పడుకోనీయండి" అనుకుంటాం. కానీ అరిచేవాడికంటే ఈ నెమ్మదిగా ఉన్నవాడి గురించే నర్సులు ఎక్కువ కంగారు పడాలి. అతనికి రోజులో రెండుసార్లు చిన్న ప్రశ్నలు వేయండి: ఈ రోజు ఏ వారం, మనం ఏ ఊళ్ళో ఉన్నాం, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టు. నిన్న చెప్పినవాడు ఈ రోజు చెప్పలేకపోతే వెంటనే సిస్టరుకు చెప్పండి.

ఇలాంటి సమయంలో వాదించవద్దు. "బస్సు లేదు, ఏమీ లేదు, నోరు మూసుకో" అంటే ఇంకా రెచ్చిపోతాడు. పేరు పెట్టి పిలిచి, "నేను మీ అక్కను, మనం హాస్పిటల్లో ఉన్నాం, ఇప్పుడు రాత్రి" అని నెమ్మదిగా చెప్పండి. కళ్ళజోడు, చెవి మిషను ఉంటే పెట్టండి. ఎదురుగా గడియారం, క్యాలెండరు కనపడేట్టు ఉంచండి. పగలు కిటికీ తెర తీయండి, రాత్రి లైటు తగ్గించండి. గంటకొకరు మారకుండా ఒకే మనిషి దగ్గర ఉంటే మంచిది. సంఘంనుంచి పరామర్శకు వెళ్ళాలనుకునేవారికి మా మనవి: మీ ప్రార్థన ఎక్కడినుంచైనా చేయవచ్చు, ఆ గదికి మాత్రం పదిమంది కలిసి వెళ్ళవద్దు. అది తికమకను పెంచుతుంది, క్రిములనూ తెస్తుంది.

మరో ముఖ్య సంగతి. రోగికి ముందు రోజూ మద్యం తాగే అలవాటు ఉందా, ఏళ్ళ తరబడి నిద్రమాత్రలు వేసుకుంటున్నాడా అన్నది చేరేటప్పుడే నిజం చెప్పండి. అకస్మాత్తుగా ఆగిపోతే వాటివల్ల కూడా సంధి, ఫిట్స్ వస్తాయి. చర్చి పెద్ద కుటుంబమైనా సరే, చెప్పండి. మేము ఎవరితోనూ అనము.

చేతి వణుకు, బీపీ, తలనొప్పి: ఈ మూడూ కలిస్తే

దాత కణాలు ఎక్కించుకున్నవారు ఇంటికి వచ్చేటప్పుడు సైక్లోస్పోరిన్ అనే మందో, టాక్రోలిమస్ అనే మందో తప్పకుండా సంచిలో ఉంటుంది. కొత్త కణాలు రోగి చర్మాన్ని, పేగులను, లివర్‌ను శత్రువులుగా భావించి దాడి చేయకుండా ఇవి అడ్డుకుంటాయి. ఇవి లేకపోతే మార్పిడి నిలవడం కష్టం. కానీ ఇవే వేళ్ళు వణికించే మందులు కూడా. టీ గ్లాసు పట్టుకుంటే తొణుకుతుంది, సంతకం మారిపోతుంది, సూదిలో దారం ఎక్కించలేరు. కొద్దిపాటి వణుకు చాలామందిలో ఉంటుంది, మోతాదు తగ్గేకొద్దీ పోతుంది. వణుకు చూసి భయపడి మాత్ర మానేయడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. వణుకు ఎక్కువైందని డాక్టరుగారికి చెబితే రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేసి మోతాదు సరిచేస్తారు.

ఆ పరీక్ష గురించి ఒక మాట. రక్తం తీసేరోజు పొద్దున మాత్ర వేసుకోకుండా రావాలి. రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోవాలి. మాత్ర వేసుకొని వచ్చి రక్తమిస్తే లెక్క ఎక్కువగా కనపడుతుంది, డాక్టరుగారు మోతాదు తగ్గిస్తారు, ఆ తగ్గింపు వల్ల వేరే గొడవ మొదలవుతుంది. ఇంత చిన్న విషయం వల్ల ఎంతో జరుగుతుంది. మాత్రలు పన్నెండు గంటల తేడాతో, పొద్దున ఎనిమిదికి వేసుకుంటే రాత్రి ఎనిమిదికి, అలా వేసుకోవాలి. ఒక కంపెనీ మందు దొరకలేదని షాపువాడు ఇచ్చిన ఇంకో కంపెనీది డాక్టరును అడగకుండా మార్చవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. ఈ మందు వాడేవారిలో కొందరికి మెదడు వెనుక భాగంలో నీరు చేరి ఉబ్బుతుంది. డాక్టర్లు దీనిని ప్రెస్ అని పిలుస్తారు. 1996లో మొదటిసారి దీనిని ఒక ప్రత్యేకమైన జబ్బుగా వివరించారు. చూపుకు సంబంధించిన భాగం మెదడులో వెనుక వైపే ఉంటుంది. అందుకే ముందు తలనొప్పి, తర్వాత చూపు మసకబారడం, ఒక పక్క కనపడకపోవడం, మెరుపులు కనపడడం, తికమక, ఆపైన ఫిట్స్ వస్తాయి. ఇదంతా కొన్ని గంటల్లో జరిగిపోవచ్చు, ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. చాలామందిలో బీపీ పెరిగి ఉంటుంది. ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసినది ఏమంటే, రోగి మామూలు బీపీ ఎంతో తెలియకపోతే పెరిగిందో లేదో చెప్పలేం. ఎప్పుడూ 100/60 ఉండే అమ్మాయికి 140/90 చాలా ఎక్కువ. చిన్న పిల్లలకైతే ఇంకా తక్కువ అంకె కూడా ఎక్కువే. కాబట్టి ఇంట్లో బీపీ మిషను ఒకటి కొని, రోజుకు రెండుసార్లు చూసి నోటుబుక్కులో రాయండి. వైద్యానికి లక్షలు ఖర్చు పెట్టినవారు మిషను కొనడానికి వెనుకాడడం మాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఎం.ఆర్.ఐ. స్కానింగ్‌లో ఈ ఉబ్బు స్పష్టంగా కనపడుతుంది. బీపీని తగ్గించి, ఫిట్స్‌కు మందిచ్చి, సైక్లోస్పోరిన్ మోతాదు మార్చడమో ఆ మందు ఆపి వేరేది పెట్టడమో చేస్తే, చాలామందికి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గుతుంది. చూపు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే మాత్రం మెదడులో మచ్చ మిగిలిపోవచ్చు, ప్రాణానికే రావచ్చు. తలనొప్పికి పెయిన్ బామ్ రాసి పొద్దున్నే చూద్దాం అనుకునే రాత్రి ఇది కాదు.

రక్తంలో మెగ్నీషియం తగ్గితే కూడా వణుకు, కండరాలు పట్టేయడం, ఫిట్స్ వస్తాయి. సైక్లోస్పోరిన్ దానిని మూత్రంలోకి పంపించేస్తుంది కాబట్టి మెగ్నీషియం మాత్రలు రాస్తారు. వాటితో విరేచనాలు కొద్దిగా అవుతాయని ఎంతోమంది మానేస్తారు, పైగా చెప్పరు. మానేయవద్దు, చెప్పండి.

కొన్ని ఇతర మందులు ఈ మందును రక్తంలో పెంచేస్తాయి, కొన్ని తగ్గించేస్తాయి. ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్, వోరికోనజోల్, గొంతునొప్పికి ఇచ్చే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ తగ్గిస్తాయి. గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస జాతి పండ్లు కూడా పెంచుతాయి. మామూలు ద్రాక్ష వేరు, దానితో భయం లేదు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్ళినా, మందుల షాపులో దగ్గు మందు అడిగినా, పసరు మందు ఎవరైనా ఇచ్చినా, ముందు మార్పిడి చేసినచోటికి ఫోను చేసి అడగండి.

ఫిట్స్ వచ్చినప్పుడు

మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ అనే మందుకు ఫిట్స్ తెచ్చే గుణం ఉంది. కాబట్టి ఆ రోజుల్లో ఫిట్స్ రాకుండా ముందే మాత్ర ఇస్తారు. ఇంటికి వచ్చాక ఫిట్స్ వస్తే ప్రెస్ కావచ్చు, మెదడులో రక్తం కారి ఉండవచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం, మెగ్నీషియం తగ్గి ఉండవచ్చు. ఏదని ఇంటి దగ్గర తేల్చలేం.

మన ఊళ్ళలో ఫిట్స్ రాగానే చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఇనుప ముక్క పట్టిస్తారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు. తాళాలవల్ల ఫిట్స్ ఆగవు. ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే ఆగేది తాళాలవల్ల ఆగిందనుకుంటాం. చెంచా వల్ల మాత్రం పళ్ళు విరుగుతాయి, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్న మనిషికి నోట్లో కారిన రక్తం ఆగదు. రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తగా మడిచిన తువ్వాలు పెట్టండి. మెడ దగ్గర గుండీలు వదులు చేయండి. చుట్టూ ఉన్న వస్తువులు జరపండి. చేతులు కాళ్ళు గట్టిగా అదిమి పట్టవద్దు. నోట్లో ఏదీ పెట్టవద్దు, నీళ్ళు కూడా పోయవద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా అది అతి అత్యవసరం. మార్పిడి అయిన మనిషికైతే అర నిమిషంలో ఆగిన ఫిట్స్ అయినా ఆ రోజే హాస్పిటల్‌కు తీసుకురావాలి. 108కి ఫోను చేసేటప్పుడే "బోన్ మ్యారో మార్పిడి అయిన పేషెంట్" అని చెప్పండి. వీలైతే ఒకరు ఫిట్స్‌ను సెల్‌ఫోన్లో తీయండి. ఏ చేయి ముందు కొట్టుకుంది, కళ్ళు ఎటు తిరిగాయి అన్నది డాక్టరుగారికి ఎంతో ఉపయోగం.

మామూలు మనిషికి ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటాయి. 10,000 కంటే తగ్గితే రక్తం కారకపోయినా సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. అలా తక్కువ ఉన్న రోజుల్లో బాత్‌రూములో జారి పడి తలకు చిన్న దెబ్బ తగిలినా, పైకి ఏమీ కనపడకపోయినా, చూపించవలసిందే. తలనొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫినాక్ వేసుకోకూడదు. ఊళ్ళో పిర్రకు ఇంజెక్షన్ వేయించుకోకూడదు. ఇంకొక సంగతి: దాత కణాలు ఎక్కినవారికి రక్తం ఎక్కించవలసివస్తే రేడియేషన్ ఇచ్చి శుద్ధి చేసిన రక్తమే ఎక్కించాలి. బంధువులు ప్రేమతో ముందుకొచ్చి "నాది తీసుకోండి" అంటారు. సొంత బంధువు రక్తం అలా శుద్ధి చేయకుండా ఎక్కిస్తే మరీ ప్రమాదం. పైగా దాత కణాలు కుదురుకున్నాక రోగి బ్లడ్ గ్రూపే దాత గ్రూపుగా మారిపోవచ్చు. పాత కార్డు చూసి గ్రూపు చెప్పవద్దు.

మెదడుకు చేరే ఇన్ఫెక్షన్లు

ఇవి తక్కువమందికే వస్తాయి, కాని వస్తే తీవ్రంగా ఉంటాయి. మనలో చాలామంది శరీరంలో చిన్నతనం నుంచీ నిద్రపోతూ ఉండే ఒక హెర్పిస్ జాతి వైరస్, మార్పిడి తర్వాత సుమారు రెండు నుంచి ఆరు వారాల మధ్య లేచి మెదడులో జ్ఞాపకం ఉండే చోటును పట్టుకోవచ్చు. దాని గుర్తు విచిత్రంగా ఉంటుంది. రోగి తెలివిగానే మాట్లాడతాడు, పాత సంగతులన్నీ చెబుతాడు, కాని పది నిమిషాల క్రితం అన్నం తిన్నది గుర్తుండదు. అడిగిన ప్రశ్నే అడుగుతుంటాడు. విసుక్కోకండి, డాక్టరుకు చెప్పండి. దీనికి వైరస్ మందులున్నాయి.

ఫంగస్ గాలిలోని దుమ్ముతో ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అక్కడినుంచి మెదడుకు పాకగలదు. పల్లెటూరి ఇంటికి తిరిగి వెళ్ళేవారు దీనిని బాగా పట్టించుకోవాలి. గడ్డివాము లాగేచోట, వడ్లు తూర్పారబట్టేచోట, పేడ ఎరువు తోలేచోట, పాత ఇల్లు పడగొట్టేచోట రోగి ఉండకూడదు. మార్పిడి అయి ఇంటికి వస్తున్నాడని ఇంటికి సున్నం గీకి రంగులు వేయించే అలవాటు ఉంది. వేయిస్తే రోగి రాకముందే అంతా ముగించి, తుడిచి, ఆరబెట్టండి. పచ్చి మాంసం, సగం ఉడికిన మాంసం, పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే క్రిమి వస్తుంది. క్షయ మన దేశంలో ఎక్కువ కాబట్టి, ఇంట్లో ఎవరికైనా పాత దగ్గు ఉంటే ముందే పరీక్ష చేయించండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటి, దానితో తలనొప్పో మెడ పట్టేయడమో మగతో ఉంటే వెంటనే రండి. అప్పుడు డాక్టరుగారు వెన్నులోంచి నీరు తీయాలంటారు. ఈ మాట వినగానే "కాళ్ళు పడిపోతాయటగా" అని సంతకం పెట్టకుండా వెళ్ళిపోయే కుటుంబాలు ఉన్నాయి. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిపోయిన చోటుకు కింద, నడుము దగ్గర. ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయో లేదో చూసే చేస్తారు. ఆ నీటిలో ఏ క్రిమి ఉందో, క్యాన్సర్ కణాలు మళ్ళీ వచ్చాయేమో కూడా తెలుస్తుంది. బ్లడ్ క్యాన్సర్ కొందరిలో మెదడు నీటిలోకి తిరిగి వస్తుంది. ఒక వస్తువు రెండుగా కనపడడం, మూతి ఒక పక్కకు లాగడం దానికి గుర్తులు కావచ్చు.

సర్పి గురించి కూడా చెప్పాలి. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చినవారికి ఆ వైరస్ నరాల్లోనే దాక్కొని, బలం తగ్గినప్పుడు ఒక పక్క పట్టీలా మంటతో పొక్కులు వస్తాయి. అది రాకుండా కనీసం ఏడాదిపాటు అసైక్లోవిర్ ఇస్తారు. పొక్కుల మీద పేరెన్నికగన్నవాళ్ళెవరో రాసే ఎర్రమట్టి పూతలకు వెళ్ళి మూడు రోజులు పోగొట్టుకోవద్దు. కంటి దగ్గర వస్తే చూపుకే ప్రమాదం.

కాళ్ళ తిమ్మిర్లు, తొడల బలహీనత

మైలోమాకు మార్పిడికి ముందు వాడే బోర్టెజోమిబ్, థాలిడోమైడ్ మందులు, లింఫోమాకు వాడే విన్‌క్రిస్టిన్ అరికాళ్ళ నరాలను దెబ్బతీస్తాయి. చీమలు పాకినట్లు, మంట పెట్టినట్లు, దూది మీద నడిచినట్లు ఉంటుంది. షుగర్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. స్పర్శ లేని కాలికి వేడి తెలియదు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకొని బొబ్బలెక్కించుకున్నవారు మన డ్రెస్సింగ్ రూముకు వస్తారు. చేతి మోచేతితో వేడి చూసుకోండి, ఇంకొకరిని చూడమనండి. ఆరాధనకు వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి ఎండలో మండే నేలమీద నడవవలసి వస్తే, మెత్తటి మేజోళ్ళు వేసుకోండి. ఎవరూ తప్పు పట్టరు. రాత్రి పడుకోబోయేముందు అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి.

స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం వాడితే తొడ కండరాలు కరిగిపోతాయి. కింద కూర్చుంటే లేవలేరు, మెట్లెక్కలేరు. నరాల జబ్బు వచ్చిందని భయపడతారు గాని, ఇది కండరానికి వచ్చింది. మోతాదు తగ్గుతూ, రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేస్తే నెమ్మదిగా బలం వస్తుంది. ఎత్తయిన కమోడ్ కుర్చీ పెట్టండి. స్టెరాయిడ్ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. అయితే బలహీనత కొద్ది రోజుల్లోనే కాళ్ళనుంచి పైకి ఎక్కుతూ ఉన్నా, కనురెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమైనా, అది వేరు. దాత కణాలు రోగి నరాలమీద, కండరాలమీద దాడి చేయడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. వెంటనే చూపించాలి.

ఫైలు సంగతి

క్యాజువాలిటీలో మాకు మొదట కావలసింది కాగితం. ఒక గట్టి అట్టమీద పెద్ద అక్షరాలతో ఇవి రాసి ఇంటి తలుపు వెనుక, రోగి జేబులో కూడా ఉంచండి: మార్పిడి ఏ తేదీన, ఏ హాస్పిటల్లో అయింది, సొంత కణాలా దాత కణాలా, ఇప్పుడు వాడే మందులు, వాటి మోతాదు, చివరి ప్లేట్‌లెట్ల లెక్క, మామూలు బీపీ, మార్పిడి యూనిట్ ఫోను నంబరు. ఆ నంబరుకు మా డ్యూటీ డాక్టరుగారు ఫోను చేసి, ఏ మందు ఇవ్వవచ్చో మాట్లాడుకుంటారు. మాత్రల స్ట్రిప్పులు కూడా సంచిలో వేసి తీసుకురండి. "పసుపు రంగుది ఒకటి, పొడుగుది ఒకటి" అంటే మాకు తెలియదు.

ఏడాది తర్వాత

అన్నీ బాగున్నాక కూడా చాలామంది ఒక మాట చెబుతారు: "బుర్ర ముందులా పనిచేయడం లేదు సిస్టర్." పేర్లు గుర్తురావు, లెక్కలో తప్పు పోతుంది, ఒకేసారి రెండు పనులు పెట్టుకోలేరు. ఇంటివారికి అది సోమరితనంగా కనపడుతుంది. కాదు. బలమైన మందులు, నెలల తరబడి నిద్రలేమి, రక్తహీనత, దిగులు అన్నీ కలిసి చేసే పని అది. ఎక్కువమందికి ఏడాదిలో చాలావరకు సర్దుకుంటుంది, కొందరికి అయిదేళ్ళదాకా నెమ్మదిగా మెరుగవుతూ ఉంటుంది. కొందరికి కొద్దిగా మిగిలిపోతుంది. చిన్నప్పుడు తలకు రేడియేషన్ తీసుకున్న పిల్లలకు చదువులో వెనుకబాటు రావచ్చు. స్కూలు టీచరుకు ఈ విషయం ముందే చెప్పి, పరీక్షల్లో ఎక్కువ సమయం అడగండి. దిగులు రెండు వారాలకు మించి ఉంటే అది కూడా చెప్పవలసిన జబ్బే, దానికీ మందుంది.

ఫిట్స్ వచ్చినవారు డాక్టరుగారు సరేననేదాకా బండి నడపకూడదు, బావి దగ్గర, చెరువులో ఒంటరిగా స్నానం చేయకూడదు, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకూడదు.

మాకు తెలిసిన ఒక స్కూలు టీచరుగారు మార్పిడి అయిన పధ్నాలుగు నెలలకు ఉద్యోగంలో చేరారు. మొదట్లో హాజరు పిలిచేటప్పుడు పిల్లల ముఖాలు తెలిసేవి గాని పేర్లు అందేవి కావట. వరుసవారీగా పిల్లలు కూర్చునే పటం ఒకటి గీసుకొని టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు. సాయంత్రం పాఠాలు తగ్గించుకొని ఉదయం పీరియడ్లు అడిగి తీసుకున్నారు. సైక్లోస్పోరిన్ ఆపేశాక వణుకు పోయి, బోర్డు మీద అక్షరాలు మళ్ళీ గుండ్రంగా వచ్చాయి. ఇప్పటికీ ఆరు నెలలకోసారి వెల్లూరు వెళ్ళి వస్తారు. తలుపు వెనుక అట్ట మాత్రం ఇంకా తీయలేదు.